ఒంటారియో హైస్కూల్లో ఫ్రెంచ్ ఇమ్మర్షన్: పదకొండు, పన్నెండు గ్రేడుల్లోనే తేలుతుంది

కెనడాలోని ఒంటారియోలో ఇంగ్లిష్ స్కూలు బోర్డుల్లో ఎనిమిదో గ్రేడు దాకా ఫ్రెంచ్ ఇమ్మర్షన్, అంటే ఇతర సబ్జెక్టులు కూడా ఫ్రెంచ్‌లోనే చెప్పే ప్రోగ్రామ్, చదివిన పిల్లలకు హైస్కూల్ దగ్గర పడేసరికి ఇంట్లో ఒకటే చర్చ. కొనసాగించాలా, ఇక్కడితో ఆపేయాలా? కొనసాగించడమే మంచిది, కాని ఏ స్కూలైనా ఒకటే అనుకుంటే పొరపాటు. పదకొండు, పన్నెండు గ్రేడుల్లో ఫ్రెంచ్‌లో చెప్పే సబ్జెక్టులు నిజంగా నడిచే స్కూలైతే ఈ ప్రోగ్రామ్‌కి ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. అవి కోర్సుల పట్టికలో ఉండి తరగతి గదిలో లేకపోతే రెండున్నర కూడా ఎక్కువే.

ముందు లెక్క చూద్దాం. హైస్కూల్ డిప్లొమాకి మొత్తం 30 క్రెడిట్లు కావాలి. ఒక క్రెడిట్ అంటే 110 గంటల చదువు. ఇమ్మర్షన్ సర్టిఫికెట్ రావాలంటే అందులో 10 క్రెడిట్లు ఫ్రెంచ్‌లో చేయాలి. నాలుగు ఫ్రెంచ్ భాషా కోర్సులు, అంటే ఏడాదికొకటి. మిగతా ఆరు ఫ్రెంచ్ మాధ్యమంలో చదివే ఇతర సబ్జెక్టులు. పక్కనే ఎక్స్‌టెండెడ్ ఫ్రెంచ్ అని ఇంకోటి ఉంది. దానికి 7 క్రెడిట్లు చాలు, నాలుగు భాషవి, మూడు సబ్జెక్టులవి. మిగతా అందరూ చదివేది కోర్ ఫ్రెంచ్, అంటే ఫ్రెంచ్ ఒక్క సబ్జెక్టుగా మాత్రమే. డిప్లొమాకి ఫ్రెంచ్‌లో కనీసం ఒక క్రెడిట్ ఉండాలి కాబట్టి చాలామంది తొమ్మిదో గ్రేడులో అది పూర్తిచేసి ఆపేస్తారు. ఈ మూడింటికీ మధ్య దూరం ఎంతో తెలియాలంటే ఎనిమిదో గ్రేడు ముగిసేనాటికి పెట్టిన గంటలు చూడండి. ఇమ్మర్షన్‌లో కనీసం 3,800, ఎక్స్‌టెండెడ్‌లో 1,260, కోర్‌లో 600. ఇన్ని వేల గంటలు పెట్టిన పిల్లలు పద్నాలుగేళ్లకి ఆపేస్తే పోయేది సర్టిఫికెట్ ఒక్కటే కాదు. చిన్న తరగతుల్లో వచ్చేది ఇంటి మాటలు, బడి మాటలు. వాదించడం, ఉత్తరం రాయడం, వార్త చదివి అభిప్రాయం చెప్పడం హైస్కూల్లోనే వస్తాయి.

సర్టిఫికెట్ గురించి ఒక ముఖ్యమైన సంగతి. దాన్ని ఇచ్చేది బోర్డు లేదా స్కూలు. డిప్లొమాలో అది భాగం కాదు, అది లేకపోయినా డిప్లొమా ఆగదు. కాబట్టి పన్నెండో గ్రేడులో ఒక క్రెడిట్ తక్కువై సర్టిఫికెట్ చేజారినా చదివిన ఫ్రెంచ్ ఎక్కడికీ పోదు, యూనివర్సిటీ సీటుకి అడ్డం రాదు. అయినా చివరి నిమిషంలో అలా తప్పిపోకుండా ముందే లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు.

ఆ ఆరు సబ్జెక్టులు ఎక్కడెక్కడ దొరుకుతాయంటే, తొమ్మిదిలో జాగ్రఫీ, పదిలో కెనడా చరిత్ర, సివిక్స్, కెరీర్ స్టడీస్. చివరి రెండూ చెరో అర క్రెడిట్, కలిపితే ఒకటి. ఇవన్నీ ఎలాగూ తప్పనిసరి కోర్సులే, భాష మాత్రం మారుతుంది. ఎక్స్‌టెండెడ్ వాళ్లకి ఇక్కడితో మూడు సబ్జెక్టులూ అయిపోయినట్టే. ఇమ్మర్షన్ వాళ్లకి ఇంకా మూడు మిగులుతాయి. కొన్ని స్కూళ్లలో తొమ్మిదో గ్రేడు పీఈ (వ్యాయామ విద్య) గాని, సైన్స్ గాని, ఏదైనా ఆర్ట్స్ కోర్సు గాని ఫ్రెంచ్‌లో ఉంటుంది. అది తీసుకుంటే మిగిలేది రెండే. ఆ రెండూ పదకొండు, పన్నెండుల్లో పూర్తికావాలి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

పెద్ద గ్రేడుల్లో ఫ్రెంచ్‌లో ఎక్కువగా దొరికేవి సాంఘిక శాస్త్రాల వైపు కోర్సులు. లా, ప్రపంచ చరిత్ర, ప్రపంచ సమస్యల మీద జాగ్రఫీ, సైకాలజీ–సోషియాలజీ–ఆంత్రోపాలజీ కలిపిన పదకొండో గ్రేడు కోర్సు లాంటివి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, కాలిక్యులస్ ఫ్రెంచ్‌లో చెప్పే ఇంగ్లిష్ బోర్డు స్కూళ్లు అరుదు. ఇంజినీరింగ్ వైపు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు ఇది విని వెనక్కి తగ్గుతారు గాని, కాగితం మీద వేసి చూస్తే సరిపోతుంది. ఏడాదికి 8 కోర్సులు. పదకొండులో ఇంగ్లిష్, ఫంక్షన్స్ (గణితం), ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఫ్రెంచ్ భాష కలిపి ఆరు. ఇంకా రెండు ఖాళీలు ఉన్నాయి, ఒకటి ఫ్రెంచ్ సబ్జెక్టుకి. పన్నెండులో ఇంగ్లిష్, అడ్వాన్స్‌డ్ ఫంక్షన్స్, కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఫ్రెంచ్ భాష మళ్లీ ఆరు. బయాలజీ కూడా కావాలంటే ఏడు. అప్పటికీ ఒక ఖాళీ ఉంటుంది, రెండో ఫ్రెంచ్ సబ్జెక్టు అందులో పడుతుంది. అంటే సైన్స్ పిల్లలకి చోటు ఉంది, తేలిగ్గా తిరగడానికి ఖాళీ లేదు. 2024 సెప్టెంబరులో తొమ్మిదిలో చేరినవాళ్ల నుంచి ఒక టెక్నాలజీ క్రెడిట్ కూడా తప్పనిసరి అయింది. దాన్ని తొమ్మిది, పది గ్రేడుల్లోనే పూర్తిచేయడం నయం. నాలుగేళ్లూ మ్యూజిక్ గాని, పెద్ద గ్రేడుల్లో కో–ఆప్ (బయట పనిచేసే చోట నేర్చుకుని క్రెడిట్ తెచ్చుకునే కోర్సు) గాని కావాలనుకునే పిల్లలకి మాత్రం ఇరుకే. కో–ఆప్ సాధారణంగా ఒకేసారి రెండు క్రెడిట్ల చోటు తీసుకుంటుంది, ఆ సెమిస్టర్‌లో ఫ్రెంచ్ కోర్సు ఉంటే రెండూ ఢీకొంటాయి.

ఈ ఢీకొనడమే ప్రోగ్రామ్‌లో ఎక్కువమంది పట్టు వదిలే చోటు. పన్నెండో గ్రేడు ఫ్రెంచ్ భాషకి స్కూల్లో తరచూ ఒకే సెక్షన్ ఉంటుంది. కాలిక్యులస్‌కో ఫిజిక్స్‌కో కూడా ఒకే సెక్షన్ ఉండి, రెండూ ఒకే పీరియడ్‌లో పడితే పిల్ల ఒకటి వదలాలి. వదిలేది ఫ్రెంచే. ఇంకోవైపు పిల్లలు తగ్గేకొద్దీ స్కూలు రెండు తరగతులను ఒక గదిలో కూర్చోబెడుతుంది. పదకొండు, పన్నెండు ఫ్రెంచ్ కలిపి ఒకే టీచరు, లేదా ఇమ్మర్షన్, ఎక్స్‌టెండెడ్ కలిపి ఒకే టీచరు. టీచరు గట్టివాళ్లైతే నడుస్తుంది, కాని ఒక్కో గ్రేడుకి దక్కే మాట్లాడే సమయం సగానికి పడిపోతుంది. భాషా తరగతిలో మొదట కోత పడకూడనిది అదే.

ఇదంతా స్కూల్ ఓపెన్ హౌస్‌లో వేదిక మీద చెప్పరు. మీరే అడగాలి. 'పెద్ద గ్రేడుల్లో ఫ్రెంచ్ కోర్సులు ఉన్నాయా?' అని అడిగితే 'ఉన్నాయి' అనే వస్తుంది. ఎందుకంటే కోర్సుల పట్టికలో ఉంటాయి. అడగాల్సింది వేరు: గడిచిన రెండేళ్లలో పదకొండు, పన్నెండుల్లో ఫ్రెంచ్‌లో నిజంగా నడిచిన కోర్సులు ఏవి? ఒక్కోదానికి ఎన్ని సెక్షన్లు? తరగతులు కలిపారా? తొమ్మిదిలో చేరిన ఇమ్మర్షన్ పిల్లల్లో ఎందరు పన్నెండులో సర్టిఫికెట్ తీసుకున్నారు? ఫ్రెంచ్ సబ్జెక్టు టీచరు సెలవు పెడితే ఫ్రెంచ్ వచ్చిన సప్లయ్ టీచరు (బదులు వచ్చే టీచరు) వస్తారా, లేక ఇంగ్లిష్‌లో వర్క్‌షీట్ పంచుతారా? ఒంటారియోలో ఫ్రెంచ్ టీచర్ల కొరత చాలాకాలంగా ఉన్నదే, కాబట్టి ఈ చివరి ప్రశ్న అడగడంలో మొహమాటం అక్కర్లేదు. గైడెన్స్ కౌన్సెలర్ ఈ అంకెలు చెప్పగలిగితే స్కూలు ప్రోగ్రామ్‌ని పట్టించుకుంటోందని అర్థం. చెప్పలేకపోతే అదీ ఒక జవాబే.

సెమిస్టర్ పద్ధతి స్కూళ్లలో ఇంకో బాధ ఉంది, ఇది చాలామంది గమనించరు. సెమిస్టర్‌కి నాలుగు కోర్సులు. తొమ్మిదిలో ఫ్రెంచ్ భాష మొదటి సెమిస్టర్‌లో, పదిలో రెండో సెమిస్టర్‌లో పడిందనుకోండి. జనవరి చివర్లో ఆపిన ఫ్రెంచ్ మళ్లీ మరుసటి ఫిబ్రవరిలో మొదలవుతుంది. మధ్యలో ఏడాది. ఆ పిల్లలు పది గ్రేడు తరగతిలో మొదటి నెలంతా క్రియారూపాలు గుర్తు చేసుకోవడానికే ఖర్చు పెడతారు. టైమ్‌టేబుల్ రాగానే చూసుకోవాల్సింది ఇదే. ఒక సెమిస్టర్‌లో భాష ఉంటే, రెండో దాంట్లో జాగ్రఫీయో చరిత్రో ఫ్రెంచ్‌లో ఉండాలి. లేకపోతే వెంటనే కౌన్సెలర్‌ని కలిసి మార్పించండి. సెమిస్టర్ మొదటి రోజుల్లోనే మార్పులు జరుగుతాయి, తర్వాత జరగవు.

ఇక చదువు నాణ్యత. ఇమ్మర్షన్ పద్ధతి 1965లో క్యుబెక్‌లోని సెయింట్ లాంబర్ట్‌లో, ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రుల పట్టుదలతో కిండర్‌గార్టెన్ తరగతిగా మొదలైంది. అరవై ఏళ్లలో దీని మీద జరిగిన పరిశోధన తక్కువేం కాదు. ఒక విషయం మళ్లీ మళ్లీ బయటపడింది: ఈ పిల్లలకి వినడం, చదవడం బాగా వస్తాయి, మాట్లాడటం, రాయడం అంత కచ్చితంగా రావు. టొరంటోలో పనిచేసిన భాషా శాస్త్రవేత్త మెరిల్ స్వెయిన్ 1985లో దీనికి కారణం చెప్పారు. ఎంత విన్నా చాలదు, పొడవైన వాక్యాలు తామే తయారుచేసి బయటపెట్టాల్సిన అవసరం పిల్లలకి కలగాలని. తరగతిలో జరిగేది దానికి ఎదురు. టీచరు ఫ్రెంచ్‌లో ఐదు నిమిషాలు చెబుతారు, పిల్లలు ఫ్రెంచ్‌లో ఐదు మాటలు చెబుతారు, పక్క పిల్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటారు. పైగా అందరూ ఒకే తప్పు చేస్తారు. వెళ్లాను అనడానికి 'జ స్వి అలే' అనాల్సిన చోట 'ఝే అలే' అంటారు, స్త్రీలింగ పుంలింగాలు తారుమారు చేస్తారు. ఎదుటివాళ్లకీ అదే అలవాటు కాబట్టి ఎవరికీ అడ్డు తగలదు, ఆ తప్పు అలాగే గట్టిపడిపోతుంది.

అందుకని ఒక స్కూలు మంచిదో కాదో తేల్చే గుర్తు మా దృష్టిలో ఇది: సబ్జెక్టు తరగతుల్లో నోటితో చెప్పే పని ఎంత ఉంది? చరిత్రలో వాదోపవాదాలు, లా కోర్సులో మాక్ ట్రయల్ (ఉత్తుత్తి కోర్టు విచారణ), జాగ్రఫీలో చిన్న ప్రెజెంటేషన్లు ఉన్న చోట పిల్లల మాట తెగింపుతో వస్తుంది. స్లైడ్లు చూపించి ఖాళీలు పూరించే కాగితాలు ఇచ్చే చోట రాదు. ఫ్రెంచ్ భాషా కోర్సులో వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అని నాలుగు విభాగాలు ఉంటాయి. రిపోర్ట్ కార్డులో ఒకే అంకె కనిపిస్తుంది కాబట్టి, ఏ విభాగంలో ఎంత వచ్చిందో టీచర్ని విడిగా అడగండి. మొత్తం 82 వచ్చి మాట్లాడటంలో 68 ఉంటే ఆ 82ని చూసి ధైర్యపడకూడదు.

ఇంట్లో చేయగలిగింది రోజుకి పావుగంట. ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐలో సులభ ఫ్రెంచ్‌లో పది నిమిషాల వార్తలు వస్తాయి. వినడం, విన్నదాన్ని రెండు నిమిషాలు పైకి చెప్పి ఫోన్‌లో రికార్డు చేయడం, మర్నాడు తిరిగి వినడం. తల్లిదండ్రులకి ఫ్రెంచ్ రానక్కర్లేదు. రోజూ రికార్డింగ్ ఉందో లేదో చూస్తే చాలు. వ్యాసాల విషయంలో మాత్రం ఒక దురలవాటు మొదట్లోనే ఆపాలి. ఇంగ్లిష్‌లో రాసి అనువాద యంత్రంలో వేసి దించేయడం. ఇంటి పనిలో 90లు వస్తాయి, తరగతిలో కూర్చుని రాసే వ్యాసంలో 60 వస్తుంది. కోర్సు మార్కుల్లో 30 శాతం చివరి మూల్యాంకనానిదే, అక్కడ యంత్రం ఉండదు.

మార్కుల భయం గురించి. యూనివర్సిటీలు సాధారణంగా పన్నెండో గ్రేడులోని ఆరు మంచి కోర్సుల సగటు చూస్తాయి. ఇంజినీరింగ్‌కి తప్పనిసరివి ఐదు: ఇంగ్లిష్, రెండు గణితాలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఆరోది పిల్ల ఇష్టం. పన్నెండో గ్రేడు ఇమ్మర్షన్ ఫ్రెంచ్ యూనివర్సిటీ స్థాయి కోర్సే కాబట్టి ఆ ఆరో చోటుకి నేరుగా పనికొస్తుంది. సైన్స్ కాని కోర్సు ఒకటి అడిగే ఆరోగ్య రంగపు ప్రోగ్రాములకీ అంతే. ఫ్రెంచ్‌లో చదివిన సబ్జెక్టు మార్కు తక్కువొచ్చిందని అడ్మిషన్లలో ఎవరూ పెంచి చూస్తారని ఆశ పెట్టుకోవద్దు. అలాగని తొమ్మిది, పది గ్రేడుల్లో నాలుగైదు మార్కులు తగ్గితే ప్రోగ్రామ్ మానేయడమూ అనవసరం, ఆ మార్కులు యూనివర్సిటీ సగటులోకి రావు.

ఫ్రెంచ్‌ని డిగ్రీలోనూ కొనసాగించాలంటే దారులు బాగానే ఉన్నాయి. ఒట్టావా యూనివర్సిటీలో ఇమ్మర్షన్ విద్యార్థుల కోసం ప్రత్యేక విభాగం ఉంది. టొరంటోలో యార్క్ యూనివర్సిటీ గ్లెండన్ క్యాంపస్ రెండు భాషల్లో నడుస్తుంది, ఎడ్మంటన్‌లో అల్బర్టా యూనివర్సిటీ క్యాంపస్ సాఁ–ఝాఁ ఉంది. హైస్కూల్లో ఉండగానే వేసవిలో కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ఎక్స్‌ప్లోర్ శిబిరాలకి దరఖాస్తు చేయించండి. పదహారు నిండినవాళ్లకి అయిదు వారాలు. క్యుబెక్‌లో గాని, అట్లాంటిక్ తీరంలో గాని ఫ్రెంచ్ తప్ప వేరే భాష వినిపించని చోట గడిపిన ఆ అయిదు వారాలు, తరగతిలో రాని తెగింపుని ఇస్తాయి. ఈ ప్రోగ్రామ్‌కి ఇంతకంటే మంచి జోడు లేదు.

సర్టిఫికెట్ కంటే ఎక్కువ విలువైనది డెల్ఫ్ బి2. ఇది ఫ్రెంచ్ భాషా పరీక్ష మీద ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే డిప్లొమా (ఎ2, బి1, బి2 అనేవి కింది నుంచి పైకి భాషా స్థాయులు), ఒకసారి వస్తే జీవితాంతం చెల్లుతుంది. చాలా బోర్డులు పన్నెండో గ్రేడు పిల్లలకి దీన్ని రాసే వీలు కల్పిస్తాయి. నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 100కి 50 రావాలి, ఏ భాగంలోనూ 5కి తగ్గకూడదు. వినడం దాదాపు అరగంట, చదవడం గంట, రాయడం గంట. రాసేది కనీసం 250 పదాల వాదన: ఫిర్యాదు ఉత్తరమో, ఒక ప్రతిపాదన మీద అభిప్రాయమో. మాట్లాడే భాగానికి 30 నిమిషాల తయారీ, తర్వాత 20 నిమిషాలు పరీక్షకుల ముందు. చిన్న వ్యాసం ఇస్తారు. అందులోని సమస్యని పట్టుకుని మీ వాదన నిలబెట్టి, వాళ్ల ప్రశ్నలకి ఎదురు నిలవాలి. ఇమ్మర్షన్ పిల్లలు వినడం, చదవడంలో మార్కులు కూడబెట్టి, ఇక్కడ పోగొట్టుకుంటారు. తయారీ సమయంలో వాక్యాలన్నీ రాసుకుని చదివేయడం మొదటి తప్పు. వ్యాసంలో ఉన్నదాన్నే తిరిగి చెప్పి సొంత అభిప్రాయం లేకుండా ముగించడం రెండోది. ఆరేడు మాటల సంకేతాలు రాసుకుని వాటి మీదుగా మాట్లాడటం పదకొండో గ్రేడు నుంచే అలవాటు చేయాలి.

మన వాళ్లలో బాగా పాతుకుపోయిన ఒక అపోహని కూడా ఇక్కడే సరిచేయాలి. ఇమ్మర్షన్ సర్టిఫికెట్ గాని డెల్ఫ్ గాని ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (కెనడాలో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే పద్ధతి) భాషా రుజువుగా పనికిరావు. అక్కడ ఫ్రెంచ్‌కి తీసుకునేవి టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా మాత్రమే. ఆ ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి. కేంద్ర ప్రభుత్వ ద్విభాషా ఉద్యోగాలకీ ప్రభుత్వం తన సొంత పరీక్షే పెడుతుంది. సర్టిఫికెట్ దరఖాస్తులో ఒక వాక్యంగా బాగుంటుంది. ఆ పరీక్షలు నెగ్గే భాష ఉంటేనే దానికి విలువ.

ఇండియా నుంచి నేరుగా తొమ్మిదో గ్రేడులోకి వచ్చిన పిల్లలకి ఇమ్మర్షన్ తలుపు దాదాపు మూసినట్టే, ఆ 3,800 గంటల పునాది లేదు కాబట్టి. అయితే అక్కడి స్కూల్లో ఫ్రెంచ్ రెండో భాషగా చదివిన పిల్లలు పూర్తిగా మొదటికి రావాల్సిన పనిలేదు. వేరే మార్గంలో భాష నేర్చుకున్నారని నమ్మితే తగిన స్థాయి ఫ్రెంచ్ కోర్సులో చేర్చుకునే అధికారం ప్రిన్సిపల్‌కి ఉంది. పాత మార్కుల జాబితాలు, పాఠ్యపుస్తకం విషయసూచిక, ఏదైనా డెల్ఫ్ ఎ2 ఉంటే అదీ పట్టుకెళ్లి, చిన్న పరీక్ష పెట్టమని అడగండి. కోర్ ఫ్రెంచ్‌ని పన్నెండు దాకా తీసుకెళ్లి బి1 సాధించడం కష్టపడే పిల్లకి అందే లక్ష్యమే.

ఫ్రెంచ్ బోర్డు స్కూళ్లతో దీన్ని కలిపేయకండి. ఒంటారియోలో 12 ఫ్రెంచ్ బోర్డులున్నాయి. అక్కడ ఇంగ్లిష్ ఒక సబ్జెక్టు, మిగతా బడంతా ఫ్రెంచే. 1982 నాటి హక్కుల చార్టర్‌లోని 23వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని ఫ్రెంచ్‌లో చదివించే హక్కున్న తల్లిదండ్రుల పిల్లల కోసం అవి. మిగతావాళ్లు అడ్మిషన్ కమిటీ ముందుకు వెళ్లాలి. భాష పట్టు విషయంలో అవి ఇమ్మర్షన్ కంటే ఎంతో ముందుంటాయి, అందులో సందేహం లేదు.

నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకి ఇమ్మర్షన్ సరిపడదని కొందరు తేలిగ్గా చెప్పేస్తారు. కాని అలాంటి పిల్లలకి స్కూలు తయారుచేసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, ఐఈపీ, ఇమ్మర్షన్ తరగతిలోనూ వర్తిస్తుంది. అదనపు సమయం, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఫ్రెంచ్‌లోనూ ఇవ్వాలని అడగండి. బస్సు మాత్రం ముందే తేల్చుకోండి. కొన్ని బోర్డులు హైస్కూల్ ఇమ్మర్షన్‌కి బస్సు ఇవ్వవు, సిటీ బస్సు మారి వెళ్లాల్సి వస్తే చలికాలంలో ఆ దూరం రోజూ గంటన్నర తినేస్తుంది. దగ్గరి స్కూల్లో ఎక్స్‌టెండెడ్ బాగా నడుస్తుంటే, దూరంలో బలహీనంగా నడిచే ఇమ్మర్షన్ కంటే అదే మేలు.

కోర్సుల ఎంపిక శీతాకాలంలో, చాలా బోర్డుల్లో మైబ్లూప్రింట్ అనే వెబ్‌సైట్‌లో జరుగుతుంది. స్కూలు ఏ కోర్సు నడపాలో తేల్చుకునేది ఆ అంకెలు చూసే. ఫ్రెంచ్‌లో ఉన్న పదకొండో గ్రేడు లా కోర్సుని కొద్దిమందే ఎంచుకుంటే అది రద్దవుతుంది, తగినంత మంది ఎంచుకుంటే నడుస్తుంది. కాబట్టి పిల్లల స్నేహితుల తల్లిదండ్రులతో ఆ నెలలోనే మాట్లాడి, అందరూ ఒకే రెండు ఫ్రెంచ్ సబ్జెక్టుల మీద నిలబడేలా చూసుకోండి. ఎంపిక గడువు దాటాక కౌన్సెలర్ చేయగలిగింది చాలా తక్కువ.